ఆదివారం ఎవరిది?

మెట్రో దిగి ఇటు నడిచి వస్తుంటే, కోచింగ్ సెంటర్ల మెట్ల మీద వీకెండ్ బ్యాచ్ పిల్లలు ల్యాప్‌టాప్ సంచులతో కనిపించారు. ఆరాధన గంట వాళ్లకీ వినబడే ఉంటుంది.

విశ్రాంతి దినానికి బైబిలు రెండు కారణాలు చెబుతుంది. నిర్గమకాండంలో దేవుడు సృష్టి ముగించి ఏడో రోజున విశ్రమించడం కారణం. ద్వితీయోపదేశకాండానికి వచ్చేసరికి ఆజ్ఞ అదే, కారణం వేరు: మీరు ఐగుప్తులో దాసులుగా ఉన్నారు కదా, మీ దాసుడూ దాసీ మీలాగే విశ్రమించాలి. ఎద్దుకూ గాడిదకూ సెలవే. మన ప్రసంగాల్లో మొదటి కారణం తరచూ వినిపిస్తుంది. రెండోది నోట రాదు. ఇంట్లో పనిమనిషి గుర్తొస్తుంది కాబోలు.

యూదులకు అది శనివారం. క్రీస్తు లేచిన రోజని ఆది సంఘాలు ఆదివారం కూడుకున్నాయి. 321లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ దాన్ని సెలవు చేస్తూ, రైతులు మాత్రం పొలం పని చేసుకోవచ్చన్నాడు. నూజివీడులో ఆసుపత్రి నడుపుతున్న అడ్వెంటిస్టులు నేటికీ శనివారమే పాటిస్తారు. ఆ తగవు తీర్చడం నా పని కాదు.

తెలుగు నేల మీద విశ్రాంతి దినమనే మాట బరువు తెలిసింది ఒంగోలు ప్రాంతంలో. 1866లో మిషనరీ జాన్ క్లౌ దొర అక్కడికి వచ్చాడు. తోలు పని చేసే ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన వెనకే మాదిగపల్లెలు క్రీస్తును నమ్ముకున్నాయి. కొత్త విశ్వాసులకు నియమాలు మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. మొదటిది మనకు తేలికగా తోస్తుంది. ఊరి చాకిరీకి వారం వర్జ్యం లేని రోజులవి. కోతల వేళ కబురొస్తే పోవాల్సిందే. అలాంటిది, కూలివాడు “రేపు వస్తానయ్యా” అన్నాడు. ఆ ఒక్క మాటకే మోతుబరులు మండిపడ్డారు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని గొప్పగా చెప్పుకుంటాం. వాళ్లు మళ్లీ ఆదివారం ఏ గట్టు మీద నిలబడి కాదన్నారో ఎవరూ లెక్క రాయలేదు.

మన హైదరాబాద్‌లో కథ ఇంకో తీరు. నిజాం కచేరీలకు సెలవు శుక్రవారం, సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఆదివారం. హుస్సేన్ సాగర్ దాటితే సెలవే మారిపోయేది! మిల్లు కూలీలకు మాత్రం వారపు సెలవు ఎవరూ ఊరికే ఇవ్వలేదు. బొంబాయిలో నారాయణ్ మేఘాజీ లోఖండే లాంటివాళ్లు కొట్లాడారు. 1891 ఫ్యాక్టరీ చట్టం దాన్ని రాతలో పెట్టింది.

ఇక ఆ రెండో కారణాన్ని తన ఇంట్లో పాటించిన మా మాస్టారి సంగతి. మధురానగర్‌లో ఆయన ఇంట్లో శనివారం సాయంత్రం అమ్మగారు రెండు పూటలకు సరిపడా పులిహోర కలిపేవారు. అరణ్యంలో ఆరో రోజున మన్నా రెండింతలు ఏరుకున్నట్టే అని మాస్టారు నవ్వేవారు. ఆదివారం పనిమనిషి రాదు, జీతం కోత లేదు. ఓ రాత్రి నేను వెళ్లేసరికి ఆయన లుంగీ ఎగగట్టి సింకు ముందున్నారు. “ఉంచండి మాస్టారూ, పొద్దున ఆమె తోముతుంది కదా” అన్నాను.

“రెండు రోజుల గిన్నెలు సోమవారం తోమిస్తే, ఆమెకు మనం ఇచ్చిన సెలవేదిరా?” అని పీచు నా చేతిలో పెట్టారు.