పాత లాప్‌టాపు, కొత్త లినక్సు, అమ్మమ్మగారి పాటలు

పోయిన వారం కార్యక్రమం అయ్యాక ఇద్దరు ముగ్గురు ఫోను చేసి, "మా ఇంట్లో పాత లాప్‌టాపు ఒకటి ఉందండీ, విండోస్ 11 ఎక్కదంటోంది, పారేయాలా?" అని అడిగారు. దానికి జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు. పారేయక్కర్లేదు, లినక్సు వేసుకోండి. కానీ ఆ ముక్క చెప్పి ఊరుకుంటే 2007లో నేను చేసిన పనే మీరూ చేస్తారేమోనని భయం. అందుకని ఇవాళ నాకిచ్చిన సమయమంతా దానికే వాడుకుంటాను.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పేరు నమోదు చేసుకున్నవాళ్ళకి భద్రతా సవరణలు మరో ఏడాది ఇస్తామన్నారు, అంతే. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరు అయితే దాదాపుగా ఎనిమిదో తరందో ఆ తరవాతదో అయి ఉండాలి. అంటే 2017కి ముందు కొన్న లాప్‌టాపులు ఎంత శుభ్రంగా పనిచేస్తున్నా గుమ్మం బయటే. మా అమ్మాయి మిడిల్ స్కూల్లో ఉండగా 2016లో కొన్నది అలాంటిదే. ఆరో తరం ప్రాసెసరు, 4 జీబీ మెమరీ, 500 జీబీ డిస్కు, మూత నిండా స్టిక్కర్లు.

దాని సంగతికి మళ్ళీ వస్తాను. ముందు 2007 గురించి చెప్పాలి.

అప్పట్లో ఉబుంటు వాళ్ళు అడిగితే చాలు, ఉచితంగా సీడీలు పోస్టులో పంపేవారు. 2011 దాకా పంపారు కూడాను. నాకు 7.04 సీడీ వచ్చింది. మా ఇంట్లో డెస్క్‌టాప్ కంప్యూటరులో రెండు హార్డ్ డిస్కులు ఉండేవి, రెండూ 80 జీబీవే. ఒకదాంట్లో విండోస్, రెండోదాంట్లో ఫొటోలు, పాటలు. విండోస్ ఉన్న డిస్కు మొత్తం చెరిపేసి అందులో లినక్సు వేద్దామని ఒక శనివారం మధ్యాహ్నం కూర్చున్నాను. మా ఆవిడ గుడికి వెళ్ళింది. వచ్చేసరికి ముగించి ఆశ్చర్యపరుద్దామని నా ఉత్సాహం.

లినక్సులో సి డ్రైవు, డి డ్రైవు అన్న పేర్లు ఉండవు. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని ఉంటాయి. 'ఏ' ముందుంది కాబట్టి అదే సి అయి ఉంటుందని నాకు నేనే తీర్మానించుకున్నాను. నిజానికి ఆ పేర్లు డిస్కు ఏ తీగకి తగిలించి ఉందన్నదాన్ని బట్టి వస్తాయి, మనం విండోస్‌లో చూసే వరసని బట్టి కాదు. పరిమాణం చూసి పోల్చుకుందామా అంటే రెండూ 80. సరే అని నొక్కేశాను.

పని అయ్యాక కంప్యూటరు ఆపి మళ్ళీ పెడితే మెనూలో లినక్సుతో పాటు విండోస్ కూడా కనిపించింది. చెరిపేశాననుకున్నది బతికే ఉంది. అయితే చెరిగిందేమిటి? అది అర్థం కావడానికి నాకు ఒక నిమిషం పట్టింది. ఆ నిమిషం ఇప్పటికీ గుర్తే.

రెండో డిస్కులో ఏముందో నాకు తెలుసనుకున్నాను. ఫొటోలు వేరే సీడీల్లో కూడా ఉన్నాయి, ఫరవాలేదు. నాకు తెలియనిది ఏమిటంటే, 2006 డిసెంబరులో ఇండియా వెళ్ళినప్పుడు మా ఆవిడ వాళ్ళ అమ్మమ్మగారి చేత పాటలు పాడించి చిన్న రికార్డరులో పట్టింది. అమలాపురం దగ్గర పల్లెటూరు వాళ్ళది. తలంబ్రాల పాట, అప్పగింతల పాట, దంపుళ్ళ పాట, మంగళహారతి, వియ్యాలవారిని ఆటపట్టించే పాటలు, మొత్తం పదకొండు. వాటిని ఆ డిస్కులో వేసి, రికార్డరులో చోటు కోసం అందులోవి తీసేసింది. నేను అడగలేదు, తను చెప్పలేదు. అడగాల్సింది నేనే.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. పొరపాటున డిస్కు చెరిగితే వెంటనే ఆపేయండి. దాని మీద కొత్తగా ఏదీ రాయకండి. డిస్కులోని చాలా సమాచారం ఇంకా అక్కడే ఉంటుంది, చిరునామా పుస్తకం మాత్రమే పోతుంది. నేను అది తెలియక, కంగారులో మళ్ళీ మొదటినించీ ఇన్‌స్టాల్ చేశాను. ఉన్నదాని మీద ఇంకో పొర పడింది. ఆ తరవాత ఒక స్నేహితుడు ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాము సంగతి చెప్పాడు. పేరు ఫొటోదైనా అది పాటల ఫైళ్ళూ వెతుకుతుంది. రాత్రంతా నడిపితే పేర్లు లేకుండా, ఒట్టి అంకెలతో, నాలుగు ఫైళ్ళు దొరికాయి. దొరికినవి విందామంటే, ఆ రోజుల్లో పేటెంట్ల గొడవ వల్ల ఉబుంటు ఎంపీ3 పాటలు పాడించే సరంజామా తనతో పాటు ఇచ్చేది కాదు. అది విడిగా దించుకుని విన్నాం. నాలుగింట్లో రెండు సగంలో తెగిపోయాయి.

మా ఆవిడ నన్ను ఏమీ అనలేదు. విని, లేచి వెళ్ళి బియ్యం కడిగింది. అమ్మమ్మగారు 2008 మార్చిలో పోయారు. మేము మళ్ళీ ఇండియా వెళ్ళగలిగింది ఆ డిసెంబరులో.

ఇప్పుడు అమ్మాయి లాప్‌టాపు. కాలేజీకి ఫోను చేసి, "అందులో నీకు కావలసినవి ఏమైనా ఉన్నాయా?" అని అడిగాను. "ఏమీ లేవు నాన్నా, చెరిపేయ్" అంది. మా ఆవిడ పక్కనే ఉంది. "ఏమండీ, ఈసారి మీ పక్కన నేను కూర్చుంటాను" అంది. ఇద్దరం కూర్చుని ఒక్కొక్క ఫోల్డరూ తెరిచాం. కెమెరా ఫోల్డరులో ఉన్నాయి, 2016 వేసవిలో మా మామగారు వచ్చినప్పుడు మనవరాలికి పద్యాలు నేర్పుతున్న వీడియోలు. ఆయన అక్షరం అక్షరం విడమరిచి చెబుతుంటే, ఇది కెమెరాలో తన మొహం చూసుకుంటూ నాలుక బయటపెట్టి నవ్వుతూ ఉంటుంది. పన్నెండేళ్ళ పిల్లకి అది 'ఏమీ లేదు' కిందే లెక్క. మూడు ప్రతులు తీశాం. ఒకటి బయటి డిస్కులో, ఒకటి ఇంటర్‌నెట్‌లో, ఒకటి ఊరికి అటు చివర ఉన్న స్నేహితుల ఇంట్లో. 2017లో హార్వీ వచ్చి మా కింది గదిలోకి నీళ్ళు వచ్చాక, ప్రతులన్నీ ఒకే ఇంట్లో ఉంచడం మానేశాను.

కాపీ చేసి ఊరుకోలేదు, ప్రతి వీడియో తెరిచి ఆడుతోందని చూశాం. అసలు పనికంటే దీనికే ఎక్కువ సేపు పట్టింది, రెండు సాయంత్రాలు. విండోస్ కొన్నిచోట్ల డిస్కుకి బిట్‌లాకర్ అనే తాళం వేసి ఉంచుతుంది. దాని రికవరీ కీ కూడా ముందే రాసిపెట్టుకోండి.

ఇక ఇన్‌స్టాల్ చేయడం తేలికే. నేను వేసింది లినక్స్ మింట్ 22, ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం. పాత యంత్రాలకి తేలిగ్గా ఉంటుంది. కనీసం 2 జీబీ మెమరీ చాలు, 4 ఉంటే మంచిది. 2024లో వచ్చింది, 2029 దాకా సవరణలు ఇస్తారు. ఫైలు సుమారు 3 జీబీ, 8 జీబీ పెన్‌డ్రైవు సరిపోతుంది. ఆ ఫైలుని మామూలుగా పెన్‌డ్రైవులోకి కాపీ చేస్తే పనిచేయదు. నాకు ఫోను చేసినవాళ్ళలో ఒకరు సరిగ్గా అదే చేసి, లినక్సుని తిట్టారు. ఎచర్ గానీ రూఫస్ గానీ వాడి రాయాలి. తరవాత లాప్‌టాపు ఆన్ చేస్తూనే, కంపెనీని బట్టి ఎఫ్ 12 గానీ ఎఫ్ 9 గానీ నొక్కితే ఎక్కడినించి మొదలవ్వాలో అడుగుతుంది. పెన్‌డ్రైవు చూపించండి.

అప్పుడు లినక్సు మీ డిస్కుని ముట్టుకోకుండానే తెర మీదకి వస్తుంది. మొదటిరోజు అక్కడే ఆగండి. వైఫై తగులుకుందా, శబ్దం వస్తోందా, కెమెరా కనిపిస్తోందా చూసుకోండి. మాకు వైఫై రాలేదు. పాత లాప్‌టాపుల్లో కొన్ని వైఫై చిప్పులకి ఈ పేచీ ఉంది. ఫోనుని యూఎస్‌బీ తీగతో తగిలించి, దాని ఇంటర్‌నెట్ ఇస్తే, కావలసిన డ్రైవరు మింటే వెతికి వేసుకుంది. అన్నీ బాగున్నాయనుకున్నాకే ఇన్‌స్టాల్ అన్న బొమ్మ నొక్కండి. 'ఎరేజ్ డిస్క్' అన్న చోట డిస్కు పేరు, పరిమాణం పైకి చదవమని ఇంట్లో ఇంకొకరికి చెప్పండి. మా ఇంట్లో మా ఆవిడ చదివింది. "అయిదు వందల జీబీ. ఇంకో డిస్కు లేదు. ఊఁ, నొక్కండి" అంది. అరగంటలో అయిపోయింది.

తెలుగు సంగతి చెప్పకపోతే మా ఆవిడ ఊరుకోదు. మింటులో ఇన్‌పుట్ మెథడ్ అన్న చోట తెలుగు ఉంది. ఐబస్, దానికి తోడు ఎం 17 ఎన్ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్ పద్ధతులు వస్తాయి. ఆర్‌టీఎస్ అంటే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేది. 1990లలో ఇంటర్‌నెట్‌లో తెలుగువాళ్ళు ఉత్తరాలు రాసుకున్నది దాంతోనే. అది పుట్టింది మన హ్యూస్టన్‌లోనే, రైస్ యూనివర్సిటీలో. ఆ పేరులో మొదటి మాట రైసే. పోతన, వేమన ఫాంట్లు కూడా ఉచితంగా దొరుకుతాయి. అచ్చు ముచ్చటగా ఉంటుంది.

ఆ లాప్‌టాపు ఇప్పుడు వంటింటి బల్ల మీద ఉంది. మిగిలిన నాలుగు పాటలూ అందులో వేశాం. పోయిన ఏడింటినీ మా ఆవిడ గుర్తున్నంతవరకు టైపు చేస్తోంది. ఆదివారం ఉదయాలు ఇండియాలో వాళ్ళ పిన్నిగారికి ఫోను చేసి తెలియని చరణాలు పాడించుకుంటోంది. ఫోనులో పాట కూడా రికార్డు చేస్తోంది, అమ్మమ్మగారి గొంతు కాకపోయినా. ఇప్పటికి అయిదు పూర్తయ్యాయి. ఆరోది తలంబ్రాలప్పుడు ఆడపడుచు కట్నం కోసం బెట్టు చేస్తే పాడే పాట. దాని రెండో చరణం పిన్నిగారికీ రావటం లేదు. కోనసీమ వైపు పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే అడిగి చూడండి. తెలిస్తే ఈ కార్యక్రమానికే ఫోను చేయండి, మా ఆవిడ రాసుకోవడానికి సిద్ధంగా ఉంటుంది.