బంతి ఎవరి చేతికి?



క్రికెట్టు మైదానమున ఆడువారు పదునొకండుగురు. వెలుపల కూర్చుండి వారిని ఆడించువారు లక్షలమంది. "ఇతనికి బంతి ఇయ్యవలసినది, అతనికి ఇయ్యరాదు" అని తీర్పు చెప్పని అభిమాని ఎచ్చటను కానరాడు. జట్టు గెలుచుచున్నంతకాలము ఈ తీర్పులు వినోదముగా ఉండును. పోటీ ముగింపునకు వచ్చి, ఒక్కొక్క ఆటయు ప్రాణప్రదమైనప్పుడు, నమ్ముకొన్న బౌలరు తడబడెనా, అవే తీర్పులు కఠినములగును. ఆ తీర్పులలో న్యాయమెంత, అన్యాయమెంత అనునది ఈనాటి ప్రసంగ విషయము. ఇందుకు మహమ్మద్ సిరాజ్ అను హైదరాబాదు బౌలరు 2022 సంవత్సరములో ఎదుర్కొన్న కష్టకాలమును ఉదాహరణగా తీసికొందము.

ఈ విషయము మన రాయలసీమవారికి రెండు విధముల దగ్గరిది. కర్నూలునుండి ఆత్మకూరు మీదుగా శ్రీశైలము పోవు దారిలో నందికొట్కూరు ఉన్నది. కర్నూలుగుండా పోవు జాతీయ రహదారి ఒక వైపు హైదరాబాదునకు, మరియొక వైపు బెంగుళూరునకు పోవును. మన పిల్లలు చదువులకు, ఉద్యోగములకు ఈ రెండు నగరములకును పోవుచుందురు. సిరాజ్ పుట్టి పెరిగినది హైదరాబాదులో. 2018 మొదలు ఇండియన్ ప్రీమియర్ లీగులో ఆడినది బెంగుళూరు జట్టు పక్షమున. కావున అతడు బంతి పట్టుకొని పరుగు తీసినప్పుడు నందికొట్కూరు వంటి ఊరిలో రెండు అభిమానములు ఒక్కచోట కలిసినవి. ఆ వేసవిలోనే, ఏప్రిల్ 4వ తేదీన, నందికొట్కూరు కర్నూలు జిల్లానుండి క్రొత్తగా ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరినది. జిల్లా మారినది గాని, సాయంకాలము టీ అంగళ్లవద్ద క్రికెట్టు మాట మారలేదు.

ముందుగా జరిగిన సంగతులను చెప్పుకొందము. 2022 పోటీలో పది జట్లు ఆడినవి. ఒక్కొక్క జట్టునకు పదునాలుగు ఆటలు. మొదటి నాలుగు స్థానములు పొందిన జట్లకే తరువాతి దశలో ప్రవేశము. బెంగుళూరు యాజమాన్యము ఆ సంవత్సరపు వేలమునకు ముందు ముగ్గురిని మాత్రమే తనవద్ద ఉంచుకొన్నది: కోహ్లీ, మాక్స్‌వెల్, సిరాజ్. సిరాజ్‌కు నిర్ణయించిన వెల ఏడు కోట్ల రూపాయలు. అంతటి నమ్మకముతో క్రొత్త బంతి చేతికిచ్చిన బౌలరు ఆ పోటీలో 15 ఆటలాడి తీసిన వికెట్లు 9 మాత్రమే. ఓవరునకు సగటున పదికి పైగా పరుగులిచ్చినాడు. అతని బంతులను బాట్స్‌మన్లు 31 పర్యాయములు సిక్సర్లుగా కొట్టినారు. అంతకుముందు ఆ పోటీ చరిత్రలో, ఒక్క సంవత్సరములో, మరి ఏ బౌలరును అన్ని సిక్సర్లు ఇచ్చియుండలేదు.

బెంగుళూరు జట్టు స్థితియో, మే నెల మూడవ వారమునకు, కత్తిమీద సాముగా ఉన్నది. మే 19వ తేదీన గుజరాత్ జట్టుతో ఆడిన ఆఖరు లీగు ఆట తప్పక గెలువవలసినది. ఆ ఆటకు సిరాజ్‌ను ప్రక్కన పెట్టి సిద్ధార్థ కౌల్‌ను ఆడించినారు. జట్టు గెలిచినది, అయినను చేతిలో పని పూర్తికాలేదు. రెండు దినముల తరువాత ముంబయి జట్టు ఢిల్లీని ఓడించిననే గాని బెంగుళూరునకు నాలుగవ స్థానము దక్కదు. ఆ రాత్రి బెంగుళూరు అభిమానులందరును ముంబయి అభిమానులైనారు. ముంబయి గెలిచినది, బెంగుళూరు గట్టెక్కినది. తరువాతి ఆటకు సిరాజ్‌ను మరల పిలిచినారు.

ఇట్టి సమయమున మన అంగళ్లవద్ద సాగు వాదము ఎట్లుండునో మీరెరుగనిది కాదు. "ఏందన్నా, వానికి ఇంగా బంతి ఇస్తాండారే!" అని ఒకరు. "ఊరకుండప్పా, ఒక్క దినము కుదిరిందంటే ఆట మనదే" అని మరియొకరు. ఈ వాదులను జాగ్రత్తగా విన్నచో మూడు పక్షములుగా విడదీయవచ్చును.

మొదటిది లెక్కల పక్షము. "తొమ్మిది వికెట్లు, ముప్పదియొక్క సిక్సర్లు, ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను? పేరునకు గాని, వెలకు గాని ఆటలో చోటు లేదు, తీసివేయుడు" అని వీరి వాదము. రెండవది జ్ఞాపకముల పక్షము. వీరు 2020 అక్టోబరు 21వ తేదీని తలపునకు తెత్తురు. ఆనాడు అబూదాబిలో కోల్‌కతా జట్టుపై సిరాజ్ నాలుగు ఓవర్లు వేసి, ఎనిమిది పరుగులిచ్చి, మూడు వికెట్లు తీసినాడు. అందు రెండు ఓవర్లలో పరుగే లేదు. ఒకే ఆటలో రెండు మెయిడెన్ ఓవర్లు వేయుట ఆ పోటీలో అదే ప్రథమము. "అంతటివానిని ఎట్లు వదలుకొందురు?" అని వీరు అడుగుదురు. మూడవది మధ్యస్థుల పక్షము. "తీసివేయవద్దు, అట్లని క్రొత్త బంతియు ఇయ్యవద్దు, ఒకటి రెండు ఓవర్లు ఆగి, బాట్స్‌మన్ తీరు చూచి వేయింపుడు" అని వీరి సలహా.

ఈ వాదము మనకే ప్రత్యేకమైనది కాదు. అమెరికాలో బేస్‌బాల్ అను ఆట కలదు. అందు బంతి విసరి ఆటను ప్రారంభించువానిని స్టార్టింగ్ పిచ్చర్ అందురు. పెద్ద లీగులో ఒక్కొక్క జట్టు ఏటికి 162 ఆటలాడును. ఒక పిచ్చర్ ఒకనాడు ఆడిన పిమ్మట సాధారణముగా నాలుగైదు దినములు విశ్రమించును గనుక, జట్టునకు అట్టివారు ఐదుగురు వరకు కావలెను. లీగు పతాకమునకై పోటీ ముదిరిన సెప్టెంబరు మాసములో వారిలో ఒకడు తడబడినచో, ఊరంతయు అతని వంతు రాకకు భయపడును. అచ్చట అతనిని దాచుటకు వీలు లేదు. అతడు నిలిచినంతసేపు ప్రతి బంతియు అతనిదే. మేనేజరు నడచి వచ్చి చేయి చాచి బంతి తీసికొను దృశ్యము అందరి కన్నుల యెదుటనే జరుగును. క్రికెట్టులో నాయకునకు అంతకంటె వెసులుబాటు ఎక్కువ. ఒక ఓవరు వేయించి ఆపవచ్చును, కొన మార్చవచ్చును, బంతి పాతబడిన తరువాత పిలువవచ్చును. కావున మన మూడవ పక్షపువారి మాటను తేలికగా త్రోసివేయరాదు.

ఇప్పుడు లెక్కల పక్షము మాటను పరిశీలింతము. ఆ సంవత్సరము సిరాజ్ వేసినవి సుమారు 51 ఓవర్లు, అనగా మూడు వందలకు మించిన బంతులు. వానిలో 31 బంతులు సిక్సర్లుగా పోయి 186 పరుగులు తెచ్చినవి. అతడిచ్చిన మొత్తము పరుగులలో ఇవి మూడవ వంతునకు మించినవి. ఆ 31 బంతులను ప్రక్కన పెట్టినచో, మిగిలిన బంతులపై ఓవరునకు సుమారు ఏడు పరుగులే వచ్చినట్లు తేలును. అట్లు ప్రక్కన పెట్టి గుణింపు వేయుట న్యాయమా? కాదు; సిక్సరును సిక్సరేనని ఒప్పుకొనవలసినదే. అయితే వ్యాధి ఎచ్చటనున్నదో ఈ లెక్క చెప్పుచున్నది. బౌలరు అన్ని బంతులను చెడుగా వేయలేదు. పదింటిలో ఒకటి జానెడు ముందునకో వెనుకకో పడినది. ఆ ఒక్కటియు మైదానము దాటిపోయినది. ఇరువది ఓవర్ల ఆటలో అంతటి స్వల్పమైన తప్పునకు అంతటి పెద్ద శిక్ష ఉన్నది.

మన మెట్టపొలముల రైతును చూడుడు. ఒక కారు పంట పోయినంతమాత్రమున అతడు పొలమును శపింపడు. విత్తనము పుచ్చినదా, విత్తునాటికి పదును చాలలేదా, పూత సమయమున వాన మొగము చాటు చేసినదా అని విచారించును. పంట పోయిన మాట నిజము. ఆ నష్టమును అతడు కాదనడు. కాని "పోయినది" అనుట వేరు, "ఎందుకు పోయినది" అనుట వేరు. మొదటి మాటకు లెక్క చాలును. రెండవదానికి కన్ను కావలెను. బౌలరు వేగము తగ్గినదా? బంతి కుట్టు నేలను తాకుచున్నదా? పరుగు తీసి వచ్చునప్పుడు శరీరము ఒరుగుచున్నదా? ఇవి యన్నియు సరిగానుండి లెంగ్తు మాత్రమే తప్పుచున్నచో అది కుదుటపడును. వేగమే తగ్గిపోయినచో విశ్రాంతి ఇయ్యవలెను. వాదించు అభిమాని ఈ ప్రశ్నలు వేసికొనినచో, ఆ వాదము వినదగినదగును.

జ్ఞాపకముల పక్షమునకును ఒక మాట చెప్పవలెను. గతములోని ఒక గొప్ప దినము నేటి ఓవరును వేయదు. 2022 మే 25వ తేదీన కోల్‌కతాలో లక్నో జట్టుపై సిరాజ్ మొదటి ఓవరులోనే డికాక్‌ను పెవిలియనునకు పంపినాడు, బెంగుళూరు గెలిచినది. రెండవ పక్షమువారు సంబరపడినారు. మే 27వ తేదీన అహమ్మదాబాదులో రాజస్థాన్ జట్టుపై అతడు రెండు ఓవర్లలో 31 పరుగులిచ్చినాడు. బట్లర్ శతకము కొట్టినాడు. బెంగుళూరు ఇంటిదారి పట్టినది. మొదటి పక్షమువారు "మేము చెప్పలేదా" అన్నారు. మూడు దినములలో రెండు పక్షములును గెలిచినవి, రెండు పక్షములును ఓడినవి. లీగు ఆఖరు ఆటలో సిరాజ్‌కు మారుగా వచ్చినవానికిని వికెట్టు దక్కలేదను సంగతిని ఎవరును తలపలేదు. ఒకనిని తీసివేయుమనుట సులభము. అతని స్థానమున నిలువగలవాడు ఎవడను ప్రశ్నకు సమాధానము చెప్పుట కష్టము.

ఇంతవరకు చెప్పినది ఆటలోని వాదము. ఇక ఆట హద్దు దాటిన మాట యొకటి కలదు. సిరాజ్ తండ్రి హైదరాబాదులో ఆటోరిక్షా నడిపి కుటుంబమును పోషించినాడు. 2019లో ఒక ఆట చెడిన తరువాత, "క్రికెట్టు మానివేసి మీ నాయనతో కలిసి ఆటో నడుపుకో" అని జనము తనను ఎత్తిపొడిచినట్లు సిరాజే పిమ్మట ఒక సంభాషణలో చెప్పినాడు. ఈ మాటలో లెంగ్తు లేదు, కుట్టు లేదు, ఓవరు లేదు. ఉన్నది ఒక తండ్రి కష్టార్జితమును తిట్టుగా వాడుకొను తెలివితక్కువతనము. ఆ తండ్రి 2020 నవంబరులో మరణించినాడు. కుమారుడు అప్పుడు భారత జట్టుతో ఆస్ట్రేలియాలో ఉన్నాడు. ఇంటికి రాక అచ్చటనే నిలిచి, డిసెంబరు 26వ తేదీన మెల్‌బోర్నులో తన మొదటి టెస్టు ఆడినాడు; 2021 జనవరిలో బ్రిస్బేనులో ఒక ఇన్నింగ్సులో ఐదు వికెట్లు తీసినాడు. 2022లో తడబడినవాడు ఈతడే. మంచి మనసు గలవాడు గనుక చెడు బంతిని మన్నింపుడని నేననుట లేదు. చెడు బంతిని చెడు బంతియనియే అనవలెను, అచ్చట ఆగవలెను.

అటుపిమ్మట ఏమైనది? 2023లో అదే జట్టు తరఫున, అదే క్రొత్త బంతితో, 14 ఆటలలో 19 వికెట్లు తీసినాడు. ఓవరునకు ఇచ్చిన పరుగులు ఏడున్నర. ఆ సెప్టెంబరు 17వ తేదీన కొలంబోలో ఆసియా కప్పు చివరి ఆటలో 21 పరుగులకు ఆరు వికెట్లు తీయగా శ్రీలంక జట్టు 50 పరుగులకే కుప్పకూలినది. కథ ఇంతటితో ముగిసినచో జ్ఞాపకముల పక్షము గెలిచినట్లే. కాని ముగియలేదు. 2025 పోటీకి బెంగుళూరు అతనిని ఉంచుకొనలేదు. వేలములో గుజరాత్ జట్టు 12 కోట్ల 25 లక్షలకు కొనుక్కొన్నది. ఆ యేడు ఏప్రిల్ 2వ తేదీన బెంగుళూరులోనే బెంగుళూరుపై 19 పరుగులకు మూడు వికెట్లు తీసినాడు. అయినను ఆ సంవత్సరము జూన్ 3వ తేదీన బెంగుళూరు జట్టు పంజాబుపై ఆరు పరుగుల తేడాతో గెలిచి, మొట్టమొదటిసారి కప్పు పొందినది. అదియును సిరాజ్ లేకుండగనే. వదలుకొన్నవారును నష్టపోలేదు, పోయినవాడును చెడిపోలేదు.

రెండు నెలలు గడచినవి. లండనులోని ఓవల్ మైదానమున ఇంగ్లండుతో ఐదవ టెస్టు. ఆగస్టు 3వ తేదీన హారీ బ్రూక్ 19 పరుగులవద్ద ఉండగా అతడు కొట్టిన బంతిని సిరాజ్ పట్టినాడు గాని, పట్టిన అడుగు వెనుకకు పడి సరిహద్దు త్రాడును తాకినది. అవుట్ కావలసిన బ్రూక్‌కు ఆరు పరుగులు వచ్చినవి. అతడు 111 వరకు పోయినాడు. ఆ రాత్రి మన దేశమున ఎన్ని ఇండ్లలో ఎన్ని మాటలు పుట్టెనో ఊహింపవచ్చును. మరునాటి ఉదయము ఇంగ్లండునకు కావలసినవి 35 పరుగులు, చేతిలో ఉన్నవి నాలుగు వికెట్లు. నాయకుడు గిల్ బంతిని సిరాజ్ చేతికే ఇచ్చినాడు. ఆ వరుసలోని ఐదు టెస్టులును ఆడి, 185 ఓవర్లకు పైగా వేసి అలసిన చేయి అది. ఆ చేయియే ఆట్కిన్సన్ వికెట్లను పడగొట్టినది. భారతము గెలిచిన తేడా ఆరు పరుగులు. సిరాజ్‌కు ఆ ఇన్నింగ్సులో ఐదు వికెట్లు, వరుస మొత్తములో 23.

ఇందువలన తడబడిన ప్రతి బౌలరును లేచి నిలుచునని చెప్పుటకు వీలులేదు. లేవనివారు ఎందరో కలరు. తేలునది ఒక్కటే: ఒక సంవత్సరపు లెక్క ఆ సంవత్సరమునకు సాక్షి, మనిషికి తీర్పరి కాదు. జట్టు మేలు కోరి "నేటి ఆటకు ఇతడు వద్దు" అనుటకు అభిమానికి పూర్తి హక్కు కలదు. "ఇతడు పనికిరాడు" అనుటకు లేదు.

ఎండకాలపు సెలవులలో నందికొట్కూరు ఖాళీస్థలములలో టెన్నిసు బంతితో ఆడుకొను పిల్లలు, అన్నలు మామలు మాటాడుకొనునవి వినుచుందురు. ఓడిన బౌలరును గూర్చి మనమేమందుమో, రేపు తాము ఓడినప్పుడు తమ్మును గూర్చియు అదే యందురని వారు నేర్చుకొందురు. వాదింపుడు, గట్టిగానే వాదింపుడు. బంతిని గూర్చి వాదింపుడు. వినుచున్న బాలుడు మరునాడును ధైర్యముగా బంతి చేత పట్టునట్లు వాదింపుడు.