టీకా, పథ్యము, సాక్ష్యము

(ఏన్కూరు పఠనమందిరమున ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసపాఠము)



మా యమ్మ చేతిమీద రెండు గుండ్రని మచ్చలు గలవు. చిన్ననాడు వేసిన మశూచికపు టీకాల గుర్తులవి. నా చేతిమీదను ఒక మచ్చ కలదు గాని, అది క్షయరోగమునకు వేసిన టీకాది. ఇచ్చట కూర్చున్న పెద్దలలో అరువదేండ్లు దాటినవారు చేయి చూచుకొన్నచో మా యమ్మ మచ్చలవంటివి కానవచ్చును. నలువదేండ్ల లోపువారి చేతులపై ఎంత వెదకినను అవి దొరకవు. 1975 మే నెల తరువాత మన దేశమున మశూచికము పుట్టలేదు. 1977 అక్టోబరులో సోమాలియా దేశమున కడపటి రోగి సహజముగా దాని వాతబడి కోలుకొనెను. 1980 మే 8వ తేదీన ప్రపంచారోగ్యసభ ఆ వ్యాధి భూమిమీద లేదని ప్రకటించెను. మనుష్యులకు వచ్చు రోగములలో మనుష్యుడు సమూలముగా తుడిచివేసినది నేటివరకు ఇది యొక్కటియే.

ఇంతటి కార్యమును సాధించిన టీకా ఎవరిది? ఈ ప్రశ్నకు మన పఠనమందిరములలో రెండు సమాధానములు వినబడుచుండును. సర్వమును మన ఋషులు చెప్పియుండిరనియు తెల్లవారు దొంగిలించిరనియు ఒకరందురు. మనకు వేపమండ, జాతర తప్ప మరేమియు తెలియదని మరియొకరందురు. నేను న్యాయస్థానమున దినము గడుపువాడను. ఎవరి పక్షమైనను సాక్ష్యము చూపనిదే నాకు నిదురపట్టదు. కావున నేటి సాయంకాలము సాక్షులను పిలుచుచున్నాను.

మొదటి సాక్షి మన భాషయే. మశూచి యను మాట మసూరికయను సంస్కృతపదమునుండి వచ్చినది. మసూరమనగా ఎఱ్ఱకందిపప్పు. ఒడలిమీది పొక్కులు ఆ పప్పుగింజలవలె నుండుటచే వైద్యులు ఆ పేరు పెట్టిరి. మన పల్లెలవారి కవి పప్పుగింజలుగా గాక ముత్యములుగా తోచినవి. కావుననే ఊరూర చెట్టుక్రింద ముత్యాలమ్మ వెలసినది. వైద్యుడు వంటయింటివైపు చూచెను, తల్లి నగలపెట్టెవైపు చూచెను!

ఆ తల్లికి పెట్టు నైవేద్యమును చూడుడు. పట్టణములలో చలివిడి, వడపప్పు, పానకము, పెరుగన్నము పెట్టుదురు. మన యడవి యంచున కోయసోదరులు అదే ముత్యాలమ్మకు కోడిని, మేకను కోసి కల్లు ధారవోయుదురు. దేవత యొక్కతియే, ఎవరు తినునది వారు పెట్టుదురు. ఇంటిలో అమ్మవారు పోసినప్పుడు మాత్రము మన గృహిణులు పోపు వేయరు, నూనెమూకుడు పొయ్యిమీద పెట్టరు, మాంసము తేరు. గుమ్మమునకు వేపమండలు కట్టుదురు. దీనినంతటిని మూఢత్వమని నవ్వువారు తరువాతి సాక్షులను గూడ వినవలసియున్నది.

1731 ఫిబ్రవరి 10వ తేదీన రాబర్టు కౌల్టు అను నాంగ్లేయుడు కలకత్తానుండి ఒక లేఖ వ్రాసెను. వంగదేశమున బ్రాహ్మణులు మశూచికపు పొక్కు రసమును సూదిమొనతో చేతిలోనికి ఎక్కించి, ఆ గంటుమీద ఉడికిన అన్నపు ముద్దను మెత్తగా చేసి అంటించుచున్నారనియు, ఈ పనిని టీకా యందురనియు అందు వ్రాసెను. టీకా యనగా ఉత్తరాది భాషలలో బొట్టు. మనము నేడును వాడుచున్న మాట అదియే. 1767లో జాన్ హాల్వెల్ లండను వైద్యులకు ఇదే విషయమును విపులముగా తెలిపెను. ఈ హాల్వెల్ నిష్కళంకుడైన సాక్షి కాడు. కలకత్తా చీకటికొట్టు కథను లోకమునకు చాటినవాడు ఇతడే. ఆ కథలోని సంఖ్యలను చరిత్రకారులు అట్లే నమ్ముట మానివేసిరి. అయినను టీకా విషయమున ముప్పదియాఱేండ్ల ముందటి కౌల్టు లేఖ ఇతనికి బలము చేకూర్చుచున్నది. ఒకరితో నొకరికి సంబంధము లేని ఇద్దరు ఒకే మాట చెప్పినప్పుడు న్యాయాధిపతి చెవియొగ్గక తప్పదు.

హాల్వెల్ చెప్పినదానిలో నాకు మిక్కిలి రుచించినది పథ్యపు భాగము. టీకాలు వేయు బ్రాహ్మణులు ముగ్గురేసి నలుగురేసి జట్టులై ఊళ్లమీద తిరుగుదురు. వారు వచ్చు కాలము తెలిసినవారు నెలదినములు ముందుగనే చేపలు, పాలు, నెయ్యి మానివేయుదురు. మానినవారికే టీకా. వాడు రసమైనను అప్పటిది కాదు. ముందటియేడు టీకా వేసిన పొక్కులలో తడిపి దాచిన దూదిని గంగనీటితో తడిపి వాడుదురు. ఏడాది నిలువయున్న విషము కొంత చప్పబడును గదా! మంత్రము మాట యెట్లున్నను, ఇందులో ఏటేట చూచి నేర్చుకొన్న బుద్ధి కలదు. టీకా వేసిన పిమ్మట రోగికి చన్నీళ్లు గ్రుమ్మరించి, అరటిపండ్లు, చెఱకు, పుచ్చకాయ, అన్నము, పలుచని గంజి పెట్టుదురు.

మనవాడే పథ్యమును పట్టుకొని వ్రేలాడెననుకొందురేమో! 1757లో ఇంగ్లండున ఎనిమిదేండ్ల బాలుడొకనికి ఇట్టి టీకాయే వేసిరి. వేయుటకు ముందు వారములతరబడి వానికి మాంసము లేదు, కడుపునిండ తిండి లేదు. విరేచనములు చేయించి, నెత్తురు తీసి, కూరగాయల నీళ్లతో బ్రదికించిరి. ఆ బాలుడే ఎడ్వర్డు జెన్నరు. ఆనాటి ఆకలిని ఆయన పెద్దవాడైన పిమ్మటను మఱవలేదందురు. వంగదేశీయుని ప్రాణము చేపలు, నెయ్యి. ఆంగ్లేయుని ప్రాణము మాంసము. ఆంధ్రుని ప్రాణము కారము, పులుసు, పోపు. ఏ దేశమువానికి ఏది ప్రియమో, అదియే పథ్యములో మొట్టమొదట నిషిద్ధము! రోగము వచ్చినప్పుడు ప్రియమైనదానిని వదలుకొనుట వైద్యముకంటె మ్రొక్కుబడికి దగ్గరగా నుండునని నా యభిప్రాయము. వైద్యులు నన్ను క్షమింతురుగాక.

తురుష్కదేశమున ముసలమ్మలు అక్రోటుకాయ చిప్పలలో రసము పోసికొని ఇల్లిల్లు తిరుగుచుండగా చూచి, మేరీ మాంటేగ్యు అను దొరసాని 1717లో స్వదేశమునకు వ్రాసెను. 1721లో లండనున తన కుమార్తెకే వేయించెను. అదే యేట అమెరికాలోని బోస్టను నగరమున మశూచికము చెలరేగగా, ఒనేసిమస్ అను ఆఫ్రికా బానిస తన జన్మభూమిలోని పద్ధతిని యజమానునకు చెప్పియుండుటచే అచ్చటను ఈ పని మొదలయ్యెను. చీనావారు పొక్కుల పెచ్చులను పొడిచేసి ముక్కులోనికి ఊదుచుండిరి. కాబట్టి ఇది ఏ యొక్క జాతి సొత్తునుగాదు. సహజముగా సోకిన మశూచికమున నూటికి ఇరువది ముప్పది మంది చనిపోవుచుండగా, ఇట్లు ఎక్కించుకొన్నవారిలో ఒకరిద్దరు మాత్రమే పోవుచుండిరి. దీనిలో లోపమేమనగా, ఎక్కించినది నిజమైన మశూచికమే. ఎక్కించుకొన్నవాడు బ్రదికి ప్రక్కయింటివానికి అంటింపవచ్చును. ఈ భయముచేతనే 1865లో కలకత్తాలో దానిని నిషేధించిరి.

ఇక గోవు. పాలు పితుకువారి చేతులకు ఆవు పొదుగుమీది పొక్కులు అంటుననియు, అట్లంటినవారికి మశూచికము రాదనియు ఇంగ్లండు పల్లెలలో వాడుక. 1774లో బెంజమిన్ జెస్టీ అను రైతు ఆ వాడుకను నమ్మి, మేజోళ్లు కుట్టు సూదితో భార్యకును ఇద్దరు కుమారులకును ఆవు పొక్కుల రసమెక్కించెను. 1796 మే 14వ తేదీన జెన్నరు, సారా నెల్మ్స్ అను పాలపిల్ల చేతి పొక్కునుండి జేమ్స్ ఫిప్స్ అను బాలునికి వేసెను. పిదప వానికి మశూచికమునే ఎక్కించి చూచినను అది సోకలేదు. 1798లో ఆ సంగతినంతను గ్రంథముగా అచ్చువేసెను. జెన్నరు గొప్పతనమెల్ల ఇచ్చటనే యున్నది. రైతు చేసి ఊరకుండెను, ఈయన పరీక్షించి, వ్రాసి, లోకము ముందు పెట్టెను.

ఈ కథకు మూలము ఒక తిండియలవాటని మీరు గమనించితిరా? ఆవును పితికి పాలు త్రాగు జనమునకే ఈ సంగతి తెలియుట కవకాశము. మధ్యభారతపు టడవులలోని పెక్కు జాతులవారు పూర్వము ఆవును పితుకకుండిరి. పాలు దూడవని వారి ధర్మము. ఇప్పపువ్వు, తునికిపండు, అడవిదుంప, జొన్నగటక వారి యాహారము. వారికి ఈ రహస్యము తెలియకపోవుట తెలివితక్కువచేత గాదు. ఇంకొక వింత గలదు. తరువాతికాలమున టీకాలకు వాడిన సూక్ష్మజీవి, ఆవు పొక్కులదానికంటె గుఱ్ఱపు పొక్కులదానికి దగ్గరి చుట్టమని నేటి పరిశోధకులు చూపిరి. లాటిను భాషలో ఆవునకు వాకా యని పేరు. దానినుండి వాక్సినను మాట పుట్టినది. పేరు ఆవుకు దక్కినది, గుఱ్ఱమునకు దక్కలేదు.

1802 జూన్ 14వ తేదీన బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అను మూడేండ్ల బాలికకు ఈ కొత్త టీకా తగిలినది. భారతదేశమున మొదటిది అదియే. ఆ బిడ్డ చేతినుండి తీసిన రసమే ఇతర ప్రాంతములకు ప్రాకినది. అప్పటి పద్ధతి అట్టిది. ఒక బిడ్డ చేతినుండి మరియొక బిడ్డ చేతికి. ఇచ్చట మన కులములు అడ్డుపడినవి. పరుల చేతి మంచినీరు ముట్టనివాడు పరుల బిడ్డ చేతి రసమును తన బిడ్డ నెత్తురులో కలుపనిచ్చునా? ఎంగిలి, అంటు, మడి యను మాటలు వంటయింట పుట్టి టీకాల యరుగుమీదికి వచ్చి కూర్చున్నవి. పిమ్మట దూడలపై పెంచిన రసము వచ్చినది. అప్పుడు కులము మాట వెనుకబడి గోవు మాట ముందునకు వచ్చినది.

ఈ యేన్కూరు నిజాము రాజ్యముననుండెను. నదీతీరపు భద్రాచలము 1860లో ఇంగ్లీషువారి పాలబడి, 1874లో మద్రాసు రాజధానిలో చేరెను. 1899లో గిండీయందు నెలకొల్పిన కింగ్ సంస్థ ఆ రాజధానికి టీకామందు తయారుచేసి పంపుచుండెను. ఇరువురు ప్రభువుల మధ్య గీతలుండినవి గాని అడవికి గీత లేదు, రోగమునకు గీత లేదు.

మహాత్ముని మాటను దాటిపోవుట నావంటి సేవకునకు తగదు. ఆయన తన ఆరోగ్యగ్రంథమున టీకాను గట్టిగా ఖండించెను. మాంసాహారులైనను నెత్తురు త్రాగుటకు రోతపడుదురే, జీవించియున్న ప్రాణి యొక్క దూషితరక్తమును ఒడలిలోనికి తీసికొనుట ధర్మమా యని ఆయన ప్రశ్న. ఇది శాకాహారి మనస్సాక్షినుండి పుట్టిన ప్రశ్న. దానిని నేను గౌరవింతును. కాని తీర్పున ఆయనతో ఏకీభవింపజాలను. నోటితో తినునది వేఱు, ప్రాణము నిలుపుటకు సూదిమొనమీద తీసికొనునది వేఱు. పైగా నేడు హెపటైటిస్ బి టీకా ఈస్టులో తయారగుచున్నది. రొట్టె పిండిని పులియబెట్టునది దాని బంధువే. 1997లో హైదరాబాదునందలి శాంతా బయోటెక్నిక్స్ వారు ఆ విధముగా మన దేశమున మొట్టమొదట తయారుచేసి, సామాన్యునికి అందు వెలకు తెచ్చిరి.

ఇప్పుడు నాకు మిక్కిలి ముఖ్యమైన పత్రము. 1819 జనవరిలో మద్రాసు కొరియర్ పత్రికలో కల్వి విరుంబన్, అనగా విద్యాప్రియుడు, అను పేరుతో ఒక లేఖ వెలువడెను. ధన్వంతరి కృతమైన శాక్తేయగ్రంథమున ఆవు పొదుగు పొక్కుల రసముతో టీకా వేయు విధానము కలదని అందు వ్రాసిరి. నాటినుండి నేటివరకు ఎందరో దేశాభిమానులు దీనిని చూపి ఱొమ్ము విరుచుకొనుచున్నారు. మూలగ్రంథమును మాత్రము ఎవరును చూపలేదు. జెన్నరు చరిత్ర వ్రాసిన బేరను మరియొక కథ చెప్పుచున్నాడు. మద్రాసునందలి ఎల్లిసు దొర బ్రాహ్మణులను టీకాకు ఒప్పించుటకై తానే సంస్కృతమున పద్యములు కూర్చి, ప్రాతకాగితముమీద వ్రాయించి, దొరికినదని చెప్పించెనట! ఈ ఎల్లిసు మనకు పరాయివాడు కాడు. తెలుగు సంస్కృతమునకు పుత్రిక గాదనియు, ద్రావిడభాషాకుటుంబములోనిదనియు 1816లోనే నిరూపించిన పండితుడు. ఆ కొరియర్ లేఖలోను ఆయన హస్తమే కానవచ్చుచున్నదని డామినిక్ వూయాస్తిక్ అను పరిశోధకుడు 1987లో చూపెను.

ఎల్లిసు మేలుకోరియే చేసెను. కాని దొంగపత్రము దొంగపత్రమే. అది మన పక్షమున నున్నదని దాఖలుచేయుట న్యాయవాదికి తగదు, దేశసేవకునకు అసలే తగదు. ప్రతిపక్షి దానిని పట్టుకొన్నదినమున నిజమైన సాక్ష్యము గూడ కొట్టుకొనిపోవును. కౌల్టు లేఖలోని అన్నపుముద్ద నిజము. గంగనీటిలో తడిసిన దూది నిజము. చేపలు మానిన నెల నిజము. వాని ప్రక్కన కల్పితధన్వంతరిని నిలువబెట్టి వానినెందుకు పలుచన చేయవలెను?

పథ్యము మాట ముగింపక వదలలేను. మశూచికము పోయినను తట్టు పోలేదు. మన పల్లెలలో దానిని గూడ అమ్మవారేయందురు. నాకు ఆరేండ్లప్పుడు తట్టు పోసినది. మా నాయనమ్మ పదిదినములు నాకు పలుచని గంజి తప్ప మరేమియు పెట్టలేదు. ప్రేమచేతనే సుమా! లేచి నిలువబోయి గుమ్మము కడ కూలబడితిని. తట్టు బిడ్డ కండను కరగించును; కంటికి కావలసిన విటమిన్ ఏ యను ధాతువును హరించును. అట్టివేళ తిండి తగ్గించుట మంటపై ఎండుటాకు వేయుటయే. తట్టు సోకిన బిడ్డకు వైద్యులు ఆ విటమినును వరుసగా రెండుదినములిత్తురు. ఇంటనున్న మునగాకు, తోటకూర, గుమ్మడి, బొప్పాయి, పాలు, గ్రుడ్డు, ఏది మీ కులాచారమునకు ఒప్పునో అది పెట్టుడు. అమ్మవారికి పెట్టిన పెరుగన్నమును అమ్మవారు తినదు గదా, బిడ్డ ముందునకు జరుపుడు. వేపమండ గుమ్మమున నుండనిండు, దానివలన హాని లేదు. తొమ్మిదినెలలు నిండగనే తట్టు టీకా ఒకటి, పదునాఱు మొదలు ఇరువదినాలుగు నెలల లోపల రెండవది వేయింపుడు.

మొన్న మన యడవివైపు గూడెమునకు పోయినప్పుడు ఒక కోయ యవ్వ ఏడాదిన్నర మనుమని చంకనెత్తుకొని నన్నడిగినది: “సూదేసినంక పిల్లగానికి కోడికూర పెట్టొచ్చునా బాబూ? మా ఊళ్లె వద్దంటున్నరు.”

“పెట్టవచ్చు నవ్వా. కారము తక్కువ వేసి, మెత్తగా ఉడికించి పెట్టుము” అంటిని.

“అయితే రేపే ఏయిస్త” నన్నది.