అనుకోని ప్రయాణము

మనది సముద్రము లేని సీమ. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల వారికి నీరనగా చెరువు. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన బయ్యారము చెరువు నేటికిని పొలములకు నీరిచ్చుచున్నది. దాని కట్టపై నిలిచినచో ఆవలి ఒడ్డు కనబడును. ఆవలి ఒడ్డు కనబడని నీటిని ఒక్కసారి చూడవలెనని మన పిల్లలలో ఎందరికో కోరిక.

ఒక డిసెంబరులో ఆ కోరిక అనుకోకుండ తీరినది. క్రిస్మసుకు నాలుగు దినములు ముందు జనగామనుండి మా బావమరిది ఫోను చేసి, "బావా, రేపు బెజవాడ పోదమా? అటే సముద్రం చూసి వద్దం" అనెను. భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేయు మిత్రునికి కబురు పంపితిమి. అతడు క్రైస్తవుడు, ఇరువది నాలుగవ తేదీ రాత్రి ప్రార్థనకు ఇల్లు చేరుటయే అతని షరతు. భూపాలపల్లికి రైలు లేదు. అతడు పదునాలుగేండ్ల కుమారునితో బస్సున వరంగల్లు వచ్చెను. జనగామవారెక్కిన రైలునే అతడు వరంగల్లులోను, మేము మహబూబాబాదులోను ఎక్కితిమి. సంచిలో జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారము. మా సన్నాహమంతయు ఇంతే.

విజయవాడలో 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజీపై నిలిచి కృష్ణను చూచితిమి. బీసెంటు రోడ్డు దుకాణములముందు రంగుకాగితపు నక్షత్రములు వ్రేలాడుచుండెను. 1924 నాటినుండి ప్రసిద్ధికెక్కిన గుణదల మేరీమాత కొండను అన్ని మతములవారితో కలిసి ఎక్కితిమి.

మరునాడు తెనాలిమీదుగా బాపట్ల చేరితిమి. అచటికి సుమారు 9 కిలోమీటర్ల దూరమున సూర్యలంక. సరుగుడు తోటలు దాటగానే సముద్రము!

మా మిత్రుని కుమారుడు ఊరి చెరువును అడ్డముగా ఈదినవాడు. ఆ ధైర్యముతో నడుములోతు దాటెను. అంతలో నీరు వానిని లోనికి లాగసాగెను. వాడు ఒడ్డువైపునకు ఎంత ఈదినను ఉన్నచోటనే ఉండెను. వల బాగుచేసికొనుచున్న ఒక జాలరి లేచి, "ఎదురీదమాక నాయనా! ఒడ్డెంబడి పక్కకి రా!" అని కేకవేసెను. బాలుడు ప్రక్కకు ఈది, కొంతదూరమున అలలతోపాటు ఒడ్డు చేరెను. తండ్రి నోట మాట రాలేదు.

అలలు ఒడ్డునకు త్రోసిన నీరు తిరిగి పోవలెను గదా! అది ఒక్కొక్కచోట ఇరుకైన పాయగా వేగముతో మరలిపోవును. ఆ పాయపై అలలు తక్కువగా విరుగును గనుక, చూపరులకు అదియే నెమ్మదియైన చోటుగా తోచును. దానికి ఎదురీదిన గజఈతగాడును అలసిపోవును. తీరమువెంట ప్రక్కకు ఈదినవాడు బయటపడును. చెరువున నేర్చిన విద్య ఇచట చాలదు. లోపలి జిల్లాలనుండి విహారమునకు వెళ్లి తీరములలో ప్రాణములు కోల్పోయిన యువకుల వార్తలు పత్రికలలో ఎన్నియో చదివితిమి.

ఆ సాయంకాలమే చీరాల దాటి మోటుపల్లికి పోయితిమి. నేడది చిన్న గ్రామము. కాకతీయులనాడు గొప్ప రేవు. పూర్వము ఓడ తుపానునకు చిక్కి ఒడ్డునబడినచో అందలి సరకును రాజులు కైకొనుచుండిరి. గణపతిదేవుడు 1244 ప్రాంతమున ఇచట అభయశాసనము వేయించి, నియతమైన సుంకము తప్ప మరేమియు తీసికొననని వర్తకులకు మాట యిచ్చెను. ప్రాణములొడ్డి సముద్రమునకు దిగినవారిపై దయ చూపవలెననుట అందలి భావము. ఓరుగల్లున ఉన్న రాజునకు కడలి చేయగల కీడు తెలిసియుండెను.

ఇరువది నాలుగవ తేదీ రాత్రికి తండ్రి, కుమారుడు భూపాలపల్లి చేరిరి. ఆ యింట పండుగ పండుగగానే జరిగెను.

కోరిక కలిగిననాడు ప్రయాణము కట్టుడు; నెలలతరబడి ఏర్పాట్లు అక్కరలేదు. కాని నీట దిగుటకుముందు ఒడ్డున నున్న జాలరిని ఒక్కమాట అడుగుడు. హెచ్చరిక పలకను చదువుడు. ఈనాడు మనకు లభించు అభయము అదియే.