ఉప్పు, చక్కెర, మంచినీరు

పసిబిడ్డకు విరేచనములు పట్టుకొన్నప్పుడు, "నీళ్ళు పట్టకమ్మా, పట్టినకొలది పోవును" అని పెద్దలు తల్లిని హెచ్చరించుట మన యిండ్లలో చిరకాలముగా నున్నదే. ఆ మాట ప్రేమతో చెప్పినదే. కాని దానివలన కలిగిన చేటు అంతింత కాదు. అతిసారమున తరచు ప్రాణము తీయునది, శరీరమునుండి నీరును లవణములును తరలిపోవుటయే. పోయిన దానిని తిరిగి లోనికి చేర్చుటెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము పరిశోధనాలయములందు పుట్టి మన వంటయింటికి చేరిన కథను మనవి చేసెదను.

1959లో కలకత్తా వైద్య కళాశాల ఆచార్యులు శంభునాథ్ దే గారు, క్రిములను వడకట్టి తీసివేసిన కలరా ద్రవమును కుందేలు ప్రేగులోని కెక్కించి చూచిరి. క్రిమి లేకున్నను ప్రేగు నీటితో ఉబ్బినది. క్రిమి స్రవించిన విషమే ప్రేగులలోనికి నీటిని లాగుచున్నదని ఇట్లు తేలినది. 1960లో రాబర్ట్ క్రేన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, గ్లూకోజును, ఉప్పులోని సోడియమును ప్రేగు గోడగుండ జంటగా లోనికి పోవునని ప్రతిపాదించెను. వాని వెంట నీరును పోవును. కలరా విషము ఈ ద్వారమును మాత్రము మూయజాలదు. ఉప్పునీరు ఒక్కటే చేయలేని పనిని, చక్కెర తోడైనచో చేయగలుగుటకు కారణమిదియే.

1971లో తూర్పు బెంగాలునుండి లక్షలాది శరణార్థులు భారతదేశమునకు తరలివచ్చిరి. బనగాఁవ్ శిబిరమున కలరా చెలరేగెను. సిరలకెక్కించు సెలైను నిల్వలు తరిగిపోయెను. కలకత్తాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రమునకు చెందిన డాక్టరు దిలీప్ మహలనబిస్ గారు అప్పుడు సాహసించిరి. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా కలిపించి, పీపాలలో నింపించిరి. రోగుల బంధువులే దానిని ముంచి త్రాగించిరి. నూటికి 30 వరకు ఉన్న మరణములు 4 లోపునకు దిగినవి. సందేహించిన వైద్యులు లేకపోలేదు. కాని 1978 నాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని దేశదేశములందు వ్యాపింపజేయ పూనుకొన్నది.

నేడు ఓ.ఆర్.ఎస్. పొట్లము ఆరోగ్య కేంద్రములందును, మందుల దుకాణములందును లభించును. అది దొరకనిచో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపవలెను. చెంచాలు తలకొట్టి కొలువవలెను. ఉప్పు మించినచో బిడ్డకు హాని. కొంచెము కొంచెముగా పట్టవలెను. వాంతి అయినచో పది నిమిషములాగి, మరల మెల్లగా మొదలిడవలెను. తల్లిపాలు మానరాదు. మిగిలిన నీటిని మరునాటికి ఉంచరాదు. బిడ్డ కన్నులు గుంటలు పడినను, మగతగా నున్నను, త్రాగలేకున్నను, విరేచనమున రక్తము కనిపించినను, జాగు చేయక వైద్యునికడకు పోవలెను.

కుందేలు ప్రేగును పరీక్షించుట వలన లోకమునకేమి లాభమని 1959లో ఎవరైన అడిగియుండిన, సమాధానము చెప్పుట కష్టమే. పండ్రెండేండ్లకు ఆ సమాధానము బనగాఁవ్‌లో లభించినది. కాని ఎంత గొప్ప విద్యయైనను తల్లి చేతి చెంచాను చేరిననే ప్రాణము నిలుపగలదు. ఈ కొలతను మీ పొరుగింటివారికిని చెప్పుడు. ఇక, "నీళ్ళు పట్టకమ్మా" అను మాటను మన యిండ్లనుండి సాగనంపుదము.