బొంతకు మాసిక

అమ్మమ్మ పాత నేతచీరలు పొరలుగా పరిచి చేత్తో కుట్టిన బొంత చాలా ఇళ్లలో అటక మీదో, పెట్టె అడుగునో ఉంటుంది. బెంగాల్ వాళ్ల కాంథా కూడా ఈ కోవలోదే.

చిరిగిన బొంతను ముందే ఉతక్కండి. నీళ్లు పీల్చి బరువెక్కితే చిన్న చిరుగు కాస్తా జానెడవుతుంది. ముందు కుట్టు, తర్వాతే ఉతుకు.

మాసికకు కొత్త గుడ్డ వద్దు. ఉతికాక అది కుంచించుకుపోయి చుట్టూ ఉన్న పాతబట్టను లాగేస్తుంది. బాగా నలిగిన నూలు చీర ముక్కో, పంచె ముక్కో తీసుకోండి. చిరుగుకు అన్ని వైపులా రెండు వేళ్ల వెడల్పు ఎక్కువ ఉంచి, అంచులు లోపలికి మడవండి. దారమూ నూలుదే కావాలి. పాలియెస్టర్ దారం పాత బట్టను కోసేయొచ్చు. ముడిని పొరల మధ్యకు లాగేస్తే ఒంటికి గుచ్చుకోదు. పాత కుట్టు ఏ దారిన పోయిందో చూసి, అదే వరసలో, అన్ని పొరలూ పట్టేలా కుట్టండి. బిగించి లాగకండి, ముడతలు పడతాయి. మాసిక కనబడితే కనబడనివ్వండి. నా దృష్టిలో అదీ ఆ బొంత చరిత్రే.

ఉతికే ముందు తడి తెల్లగుడ్డతో ఒక మూల అద్ది చూడండి. రంగు అంటితే నీళ్లలో పెట్టొద్దు. అంటకపోతే చల్లటి నీళ్లలో కాస్త కుంకుడు రసం చాలు. పిండకుండా, తీగ మీద వేలాడదీయకుండా, నీడలో మంచం మీద పరిచి ఆరబెట్టండి.

ఇంట్లో బొంతలు కుట్టిన పెద్దావిడ ఉంటే ఈ పనంతా ఆమె పక్కన కూర్చుని చేయండి. ఏ ముక్క ఎవరి చీరో అడిగి, రాసి పెట్టుకోండి.