పాత కంప్యూటరు పెట్టెలు
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు మమ్ము కోరినప్పుడు, మేము కావ్యమును గూర్చియో వ్యాకరణమును గూర్చియో ప్రసంగింతుమని వారు తలచియుందురు. ముప్పదియైదేండ్లు బడిలో సంస్కృతము చెప్పినవానినుండి వేఱేమి యాశింతురు? కాని నేడు మేము చెప్పబోవునది పండ్రెండు ఇనుప పెట్టెల కథ. అందులో మా యపరాధ మొకటి కలదు. దానిని సభాముఖమున చెప్పుకొనుటకే ముఖ్యముగా నిలుచుంటిమి.

గత సంవత్సరము దసరా సెలవులకు ముందు తాడేపల్లిగూడెమున ఒక కార్యాలయమువారు తమ పాత సామగ్రిని వేలము వేసిరి. ఉల్లిపాయల వ్యాపారము చేయు మన సభ్యులొకరు బల్లలకై పోయి, బల్లలతోపాటు ఈ పెట్టెలను గూడ ఒకే రాశిగా కొనవలసివచ్చి, “మన హాస్టలుకు పనికివచ్చునేమో చూడుడు” అని ఏలూరునకు పంపిరి. ఒక్కొక్కటి పెద్ద నిఘంటువంత యున్నది. లోపల ఫ్యాను లేదు, తిరుగు డిస్కు లేదు. వీనిని థిన్ క్లయింటు లందురు.

ఈ థిన్ క్లయింటనగా నేమో మొదట చెప్పవలెను. ఇది స్వతంత్రమైన కంప్యూటరుగా నుండుటకు పుట్టినది కాదు. ఎక్కడనో ఒక పెద్ద సర్వరు నడచుచుండగా, దాని పనిని ఇక్కడ తెరమీద చూపుటయు, ఇక్కడి మీటల నొక్కులను అచ్చటికి చేర్చుటయు దీని వ్యాపారము. మన ఏలూరు కాలువ చివర నున్న చేనివంటి దనుకొనుడు. విజ్జేశ్వరమున తలుపు దించిరేని ఇక్కడి చేను ఎండును. చేనిలో దోషము లేదు, నీరు రాలేదు. ఆ కార్యాలయమువారు సర్వరును మార్చుకొనిరి. క్రొత్త సర్వరు ఈ పాత పెట్టెలతో మాటలాడదు. అందుచేత పెట్టెలు మృతములని నిర్ణయమయ్యెను.

కార్యనిర్వాహకవర్గమున దీనిపై వాదము జరిగెను. వీనిని పాతసామాను వానికి తూకమునకు వేయుదమని కొందఱనిరి. తూకమునకు వేసినచో రాగి తీగ గీచుకొని, మిగిలిన దానిని వాడు ఏ మురుగుకాలువ గట్టుననో పోయును. ఏలూరు మురుగు చేరునది కొల్లేరే గదా! వేఱొక పెద్దలు మాత్రము మమ్ము నిలదీసి యడిగిరి: “అయ్యా, ఇతరుల పిల్లలకు క్రొత్తవి, మన పిల్లలకు మాత్రము ఎవరో పాఱవేసినవియా?” ఆ మాట మాకు ములుకువలె తగిలినది. ఇప్పటికిని తగులుచునే యున్నది. చిన్ననాడు అన్నల చొక్కాలు తొడిగి, చిరిగిన పుస్తకములు చదివినవారము మేము. ఆ బాధ యెఱుగుదుము. దానికి మాయొద్ద పూర్తి సమాధానము లేదు. మేము చెప్పగలిగిన దింతే: సంఘమునొద్ద నున్న సొమ్ముతో క్రొత్తవి రెండు వచ్చును. హాస్టలులో ముప్పదియాఱుగురు పిల్లలున్నారు. అందు సగముమంది కొల్లేటి లంకలనుండి వచ్చినవారు. ఇంట కంప్యూటరు నెన్నడు ముట్టనివారు. ఆ రెండును కొనుడు, ఈ పండ్రెండును మాకు విడువుడని వేడితిమి. సభ్యులు సరే యనిరి.

ఇక ఈ యంత్రములను వేఱుగ నడపుట యెట్లు? వీనిలో వచ్చిన ఆపరేటింగు సిస్టము, అనగా యంత్రమును నడపు మూలవ్యవస్థ, కాలము తీఱినది. దానిని తీసివైచి లైనక్సు వ్యవస్థను నెలకొల్పవలెను. ఆంధ్రదేశమున ఇది క్రొత్త సంగతి కాదు. ‘స్వేచ్ఛ’ యను సంస్థవారు 2005లోనే తెలుగున పలుకు లైనక్సు వ్యవస్థను సిద్ధము చేసిరి. పిదప పాఠశాలలకై ‘బాలస్వేచ్ఛ’ను చేసిరి. మనవారిలో ఎందఱకో ఈ మాట చేరలేదు.

ఈ వ్యవస్థల మర్మమును సంస్కృతము చదివినవారికి చెప్పుట సులభము. పాణిని సూత్రములు చేసెను. కాత్యాయనుడు వానికి వార్తికములు వ్రాసెను. ఆ రెంటిని పట్టి పతంజలి మహాభాష్యము రచించెను. సూత్రము అందఱి యెదుట నుండబట్టియే లోపము చూపుటకును పూరించుటకును వీలు కలిగినది. మన తెలుగుననే చూడుడు: చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున విడిచిన విషయములను బహుజనపల్లి సీతారామాచార్యులవారు 1885 నాటి ప్రౌఢవ్యాకరణమున పూరించిరి. సూత్రములను పెట్టెలో దాచి, ఉదాహరణములను మాత్రము అద్దెకిచ్చు వైయాకరణుని ఊహింపుడు. అమ్ముడు సాఫ్టువేరు చాల వఱకు అట్టిది. దీనిని సహింపక అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అను ప్రయత్నము నారంభించెను. నడపుటకు, చదువుటకు, మార్చుటకు, పంచుటకు అందఱికిని హక్కుండవలెనని ఆయన సిద్ధాంతము. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లైనక్సు అను కెర్నెలును వెలువరించెను. 1993లో ఇయన్ మర్డాక్ ఈ రెంటిని కూర్చి ఒక వ్యవస్థను మొదలిడి, తరువాత తన భార్యయైన డెబ్రా పేరును తన పేరును చేర్చి ‘డెబియన్’ అని పేరిడెను. ద్వంద్వసమాసమునకు ఇంతకంటె చక్కని ఉదాహరణ మాకు తరగతిలో ఎన్నడును దొరకలేదు.

మన హాస్టలులో చదివి ఇప్పుడు తాడేపల్లిగూడెమున ఇంజనీరింగు చదువుచున్న కుఱ్ఱవాడొకడు ఆదివారములందు వచ్చి మాకు ఈ విద్య నేర్పెను. వాడు మా పూర్వశిష్యుడు. ఇప్పుడు మేమే వాని శిష్యులము. వాడు నేర్పిన మొదటి పాఠము: పెట్టె నెఱుగక వ్యవస్థను ఎన్నుకొనరాదు. పండ్రెండింట ఐదు హెచ్‌పీ టి5740 అను రకము. వానిలోని ఆటమ్ ఎన్280 ప్రాసెసరు 32 బిట్లది. మిగిలిన యేడును టి610 రకము. వాని ప్రాసెసరు 64 బిట్లది. డెబియన్ వారు 2025 ఆగష్టున వెలువరించిన 13వ సంచికలో 32 బిట్ల పెట్టెలకు స్థాపన సామగ్రి నిచ్చుట మానిరి. కావున టి610లకు మాత్రము డెబియన్ 13ను, అందును బరువు తక్కువయైన ఎల్‌ఎక్స్‌క్యూటీ తెరను ఎంచుకొంటిమి. ఆ ఐదింటికి పప్పీ లైనక్సు.

ఈ పప్పీని ఆస్ట్రేలియాలో బ్యారీ కౌలర్ అనునాయన 2003లో వెలువరించెను. తన చిన్న కుక్క పేరున పేరిడెను. ఇది కుదించిన పొట్లమువలె చిన్న స్థలమున నిలిచి, యంత్రము మేల్కొనగానే మొత్తము రామ్‌లోనికి ఎక్కి కూర్చుండును. రెండు గిగాబైట్ల రామ్ గల పెట్టెకు ఇది హాయి. మా కోశాధికారిగారు “కుక్కపిల్లను తెచ్చి బల్లమీద పెట్టితిరా!” అని నవ్విరి. ఋగ్వేదమున పణులు దాచిన గోవులజాడను కనిపెట్టినది సరమ యను దేవశునకమే యని వారికి మనవి చేసితిమి.

పని స్వయముగ కష్టమైనది కాదు. వ్యవస్థ యొక్క ప్రతిబింబమును పెన్‌డ్రైవున దింపవలెను. పెట్టెకు దానిని తగిలించి, మీట వేయగానే ఎఫ్10 నొక్కి, మొదట పెన్‌డ్రైవునే చదువుమని బయాస్‌కు చెప్పవలెను. పిదప అడిగిన ప్రశ్నలకు జవాబు లిచ్చుచు పోవలెను. తెర చీకటిగా నిలిచినచో భయపడరాదు. చిత్రములను నడపు ఫర్మ్‌వేరు అందలేదని చాల వఱకు అర్థము. డెబియన్ వారు 2023 నాటి 12వ సంచికనుండి దానిని స్థాపన సామగ్రిలోనే చేర్చిరి గావున మాకు ఆ చిక్కు కలుగలేదు. రామ్ చాలనిచోట లాప్‌టాపులకు వాడు చిన్న రామ్ పలకను అమర్చితిమి.

మా యపరాధము మొదటి సంధ్యనే జరిగినది. కుఱ్ఱవాడు టీ త్రాగుటకు వెలుపలికి పోయియుండెను. ప్రతిబింబమును దింపుటకు ‘డీడీ’ అను ఆజ్ఞ కలదు. అది రెండక్షరముల యాజ్ఞ. ఇందునుండి అందులోనికి వ్రాయుమన్న వ్రాయును. “నిజముగానా?” అని మాఱడుగదు. యంత్రమునకు రెండు పెన్‌డ్రైవులు తగిలియుండెను. రెండును నల్లనివి, రెండును ఎనిమిదేసి గిగాబైట్లవి. ఒకటి ఖాళీది. రెండవదానిలో మన సంఘపు వంశావళి యుండెను.

సభవారిలో కొందఱకు ఆ వంశావళి సంగతి తెలియును. కొల్లేటికోట మొదలు గుడివాకలంక వఱకు ఊరూర తిరిగి, వృద్ధులచే చెప్పించి, రెండేండ్లు టైపు చేసితిమి. 2006లో చెఱువుగట్లను తెగగొట్టిన ‘ఆపరేషన్ కొల్లేరు’ దినములలో ఎవరెవరు ఏ యూరు విడిచి ఏ యూరికి చేరిరో అందు కలదు. వారి ఛాయాచిత్రములును అందే కలవు. ప్రధానముగా చెప్పిన తాతగారు గత సంక్రాంతికే కాలము చేసిరి. వేఱొక ప్రతి తీయించుద మనుకొనుచు మేమే కాలయాపన చేసితిమి.

కుఱ్ఱవాడు లోనికి వచ్చి తెర చూచి, “మాస్టారూ, ఏ పెన్‌డ్రైవు మీద వ్రాశారు?” అని యడిగెను. మాకు నోట మాట రాలేదు. వాడు కోపింపలేదు. డ్రైవును మెల్లగ ఊడదీసి జేబులో వేసికొని, “దీనిమీద ఇంకేమీ వ్రాయకండి, ముట్టుకోకండి” అనెను. ఆ రాత్రి మేము నిద్రపోలేదు.

పై ఆదివారము వాడు ఫోటోరెక్ అను పనిముట్టును తెచ్చెను. దీనిని ఫ్రాన్సు దేశపు క్రిస్టఫ్ గ్రెనియే చేసి ఉచితముగ నిచ్చినాడు. మేము దింపిన పప్పీ ప్రతిబింబము నాలుగువందల మెగాబైట్లకు కొంచెము మించినది. ఆ మేర మొదటి భాగము పోయినది పోయినదే. విషయసూచికయు ఆ భాగముననే యుండెను. కాని దాని వెనుక భాగమంతయు ఎవ్వరును త్రొక్కని నేలవలె నట్లే యున్నది. ఒక్కొక్క రకపు ఫైలు మొదట ఒక గుఱుతుండును. ఫోటోరెక్ ఆ గుఱుతులను వెదకుచు పోయి ఫైళ్ళను తీసి యిచ్చును. పేళ్ళు మాత్రము రావు. టైపు చేసిన వంశావళి తిరిగి రాలేదు. ఛాయాచిత్రములు 214 వచ్చినవి. ప్రతిదానికి పేరు స్థానమున ఒక సంఖ్య.

ఇది వినిన పిమ్మట మీరు మమ్ము దూషించినను తగును. ఆనాటినుండి హాస్టలులో ఒక నియమము పెట్టితిమి: స్థాపన చేయునప్పుడు ఆ పెట్టెకు ఒక్క పెన్‌డ్రైవుకంటె ఎక్కువ తగిలించరాదు; ఆజ్ఞను ఒకరు వ్రాయవలెను, వేఱొకరు బిగ్గఱగ చదువవలెను, పిదపనే ఎంటరు నొక్కవలెను. వేదపాఠమున గురువు చెప్పగా శిష్యుడు అనువచించునట్లే. మిగిలిన పదునొకండు పెట్టెలను పిల్లలే చేసిరి. మేము కుర్చీలో కూర్చుండి చూచితిమి. తొమ్మిదవ తరగతి చదువు లంక బాలిక యొకతె పెట్టె మూత విప్పి రామ్ పలక అమర్చుటలో మాకంటె నేర్పరియైనది. వలకన్నులు వేసిన వ్రేళ్ళు గదా!

ఇప్పుడు చదువుగదిలో పది పెట్టెలు నడచుచున్నవి. రెంటికి ప్రాణము రాలేదు. అన్నింటను తెలుగు అక్షరములు చక్కగా కనబడుచున్నవి. తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు నిర్మించిన పోతన, వేమన అక్షరములు డెబియన్ భాండాగారముననే దొరకును. ఇన్‌స్క్రిప్టు మీటల వరుస పిల్లలకు పది దినములలో పట్టుబడెను. మాకు నెల పట్టినది. కివిక్స్ అను సాధనముతో తెలుగు వికీపీడియాను మొత్తము నిల్వచేసి, ఇంటర్నెట్టు లేనప్పుడును చదువుచున్నారు. ఫ్యాను లేనందున దుమ్ము లోనికి లాగబడదు. పెట్టె త్రాగు కరెంటు తలమీద తిరుగు ఫ్యానుకంటె తక్కువే గనుక ఇన్వర్టరుమీద నన్నియు నడచును. లోపములు గూడ చెప్పవలెను గదా: బ్రౌజరులో నాలుగు పుటలు తెఱచినచో ఐదు చిన్న పెట్టెలును ఆయాసపడును, వీడియో పాఠములు వానిలో తడబడును. వానికి ఆ క్రొత్త రెండు యంత్రములే గతి.

కడపట ఒక మనవి. సభ ముగిసిన పిమ్మట భోజనశాల ప్రక్క వసారాలో నాలుగు పెట్టెలను నిలిపి ఆ 214 ఛాయాచిత్రములను చూపుదుము. ఇంతవఱకు అఱువదియొక్కటికి మాత్రము పేళ్ళు తెలిసినవి. ప్రతి పెట్టె దగ్గఱను ఒక బాలుడో బాలికయో కూర్చుండి, మీరు చెప్పు పేరును, ఊరును, ఎవరి బిడ్డయో అదియు అప్పటికప్పుడే తెలుగున టైపు చేయుదురు. ఆ రాత్రికే మూడు ప్రతులు తీయబడును. ఒకటి కార్యదర్శిగారి యింట నుండును. మూడవ పెట్టెలో మొదట కనబడునది దోనెమీద నిలిచి, చేత గెడ పట్టిన తెల్లచీర మామ్మగారి పటము. ఆమె యెవరో మాకు జ్ఞాపకము రాలేదు. గుడివాకలంకవారు ముందుగా అచ్చటికే దయచేయవలెనని ప్రార్థించుచున్నాము.